తుప్పు పట్టని తొట్టి

మాచర్ల బస్టాండు పక్కన టీ బల్లల మీద కూర్చునే పెద్దమనుషులారా, జీవరత్నం బండిని నాశనం చేసింది మీరు. ఉప్పునీళ్లు కాదు, యూరియా కాదు, తుప్పు అసలే కాదు. తుప్పుకి కాస్త మర్యాద తెలుసు. అది ఒక అంచు దగ్గర మొదలుపెట్టి, ఏడాదికి జానెడు చొప్పున, ఎవరి నిద్రా చెడగొట్టకుండా తినుకుంటూ పోతుంది. మీరు ఆరు రోజుల్లో తొట్టి మొత్తం మింగేశారు. పైగా తలా నాలుగు టీలు జీవరత్నం చేతే తాగించుకున్నారు.

జరిగింది జరిగినట్టు వినండి. వినడం మీకు అలవాటు లేదని తెలుసు, అయినా వినండి.

ఇది ఎనభై ఆరో సంవత్సరం, మే నెల. జీవరత్నానికి ఒక పికప్పు బండి ఉంది. ముందు క్యాబిను, వెనక ఇనుప రేకు తొట్టి. రోజూ పొద్దున్నే విజయపురి సౌత్ పోయి, సాగర్ చేపల్ని ఐసు బుట్టల్లో ఎక్కించుకుని మాచర్లలో సగం, నరసరావుపేటలో సగం దింపుతాడు. వచ్చేటప్పుడు ఎరువుల బస్తాలు వేసుకొస్తాడు. చేపలు చెడకుండా ఐసులో చల్లిన ఉప్పు పోయేటప్పుడు కారుతుంది, చిరిగిన బస్తాలోని యూరియా వచ్చేటప్పుడు రాలుతుంది. రెండూ కలిసి తొట్టి అడుగున ఎర్రగా పొరలు లేపాయి. ఒకచోట చిల్లు కూడా పడింది. అందులోంచి చూస్తే రోడ్డు కనిపిస్తుంది.

ఇన్నాళ్లూ అది ఎవరికీ పట్టలేదు. ఈ ఏడాది చేపల సొసైటీకి అబ్దుల్ మజీద్ అని కొత్త సెక్రటరీ వచ్చాడు. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకునే మనిషి. రాగానే నోటీసు అంటించాడు. చేపల రవాణా ఏడాది మొత్తానికి ఒకే బండికి ఇస్తారట. ఆ బండి తొట్టిలో తుప్పు ఉండకూడదట, అడుగున లైనింగు వేసి ఉండాలట. శనివారం పది గంటలకు విజయపురి సౌత్ రేవులోనే పరీక్ష. తప్పితే మళ్లీ ఏడాదికే. చేపలు పోతే జీవరత్నానికి ఆ బండి ఉన్నా లేనట్టే. ఇల్లు నడిచేది చేపల మీద. ఎరువుల బస్తాలు డీజిలుకే సరిపోవు.

సోమవారం పొద్దున జీవరత్నం వేసుకున్న పథకం చాలా చిన్నది. మెకానిక్ జాన్ సాహెబ్ షెడ్డుకి పోవడం, తుప్పు గీకించడం, ఏదో ఒక లైనింగు వేయించడం, మధ్యాహ్నం అన్నానికి ఇంటికి రావడం. గోంగూర పచ్చడి నూరమని కూడా చెప్పాడు.

భార్య నిర్మల గుమ్మం దాకా వచ్చింది. "ఏవయ్యా, షెడ్డుకి పోయినోడివి షెడ్డు లోపలే ఉండు. బండిని టీ బల్ల ఎదురుగా నిలబెట్టమాక."

"టీ కూడా తాగొద్దా ఏందే?"

"తాగు. నోరు మూసుకొని తాగు."

నోరు మూసుకుని టీ తాగడం ఎవరివల్లా కాదు. పైగా జాన్ సాహెబ్ షెడ్డులో ఒక లారీ ఇంజను విప్పి పరిచి ఉంది. బండిని బయటే, సరిగ్గా టీ బల్లల ఎదురుగా నిలబెట్టాల్సి వచ్చింది. తొట్టి వెనక తలుపు, అదే డాలా, దించగానే చిల్లు బయటపడింది. చిల్లు బయటపడగానే బల్లల మీది జనం లేచారు.

ఇక్కడ మాచర్ల పద్ధతి ఒకటి చెప్పాలి. నీకు ఒకసారి సాయపడ్డ మనిషి సలహా చెబితే దాన్ని తీసెయ్యకూడదు. తీసేస్తే, "నా మాట తీసేశాడు" అని ఊరంతా చెబుతాడు. ఆ తరవాత నీ ఇంట్లో శుభకార్యానికి వచ్చి, అందరికీ కనబడేలా కూర్చుని, అన్నం ముట్టకుండా పోతాడు. అందుకని ఈ ఊళ్లో ఎవరూ ఒక సలహా వదిలి ఇంకో సలహా పట్టుకోరు. ఒకదాని మీద ఒకటి వేసుకుంటారు. జీవరత్నానికి సాయపడని మనిషి మాచర్లలో లేడు. అదీ అతని దరిద్రం.

మొదటి సలహా జాన్ సాహెబ్‌దే. సాగర్ రోడ్డు అడవిలో ఇంజను ఆగిపోయినప్పుడు సైకిలు తొక్కుకుంటూ వచ్చి బాగుచేసిన మనిషి అతను. అతని మాట తియ్యడమనేది లేదు.

"గీకేసి రెడ్ ఆక్సైడ్ కొడతా. దాని మీద తారు పోస్తా. రోడ్డుకి తుప్పు పట్టుద్దా? పట్టదు. ఎందుకు పట్టదు? తారు."

"రోడ్డు ఇనుం కాదుగా మామా," అన్నాడు జీవరత్నం.

"నువ్వు మెకానిక్కువా, నేను మెకానిక్కునా?"

సాయంత్రానికి తొట్టి నిండా నల్లగా తారు పరుచుకుంది. మే నెల మాచర్ల ఎండ సంగతి మాచర్లలోనే పుట్టి పెరిగిన ఇద్దరికీ గుర్తు రాకపోవడం విచిత్రం. మంగళవారం పొద్దున తొమ్మిదికే తారు పాకంలా మెరుస్తోంది. ఎట్టా ఉందో చూద్దామని జాన్ సాహెబ్ ఒక చేపల బుట్ట పెట్టి, తీశాడు. బుట్ట పై సగం చేతికి వచ్చింది. అడుగు సగం తొట్టిలోనే ఉండిపోయింది.

"పట్టు బాగుంది," అన్నాడు జాన్ సాహెబ్.

"బుట్టని పట్టమన్నానా మామా? తుప్పుని ఆపమన్నా!"

"తుప్పు ఆగింది. చూడు, ఎక్కడన్నా కనపడుతుందా?"

కనపడని మాట నిజమే. తారు కింద ఏదీ కనపడదు.

అప్పుడు వచ్చాడు జయరాజు. నిర్మలకు తమ్ముడు, సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరు. పాత కన్వేయరు బెల్టు ముక్క రిక్షాలో వేసుకుని మరీ వచ్చాడు. అర అంగుళం మందం రబ్బరు. అక్క మొగుడి బండికి ఇబ్బంది వచ్చిందని తెలిసి, డ్యూటీ మాని, ఎండలో అంతదూరం రిక్షా వెంట నడిచాడు. కాదంటే ఇంట్లో అన్నం పుట్టదు.

"బావా, పన్నెండేళ్లు రాళ్లు మోసిన బెల్టిది. దీనికి చేపలొక లెక్కా? తారు మీద పరిచెయ్. తారుకి తారూ ఉంటది, బుట్టా అంటుకోదు."

సలహా మంచిదే. ఈ కథ మొత్తానికి మంచి సలహా ఇదొక్కటే. కానీ ఆ బెల్టు ఏళ్ల తరబడి చుట్ట చుట్టి పడి ఉంది. పరిస్తే పడుకోదు. నలుగురు మనుషులు నాలుగు మూలలా నిలబడితే పడుకుంది. నలుగురూ దిగగానే నాలుగు మూలలూ టపటపా లేచి నిలబడ్డాయి. ఒక మూల జయరాజు గడ్డానికి తగిలింది.

"బోల్టులు కొడితే చచ్చినట్టు పడుంటది," అన్నాడు జయరాజు గడ్డం రుద్దుకుంటూ.

జాన్ సాహెబ్ నమాజుకి పోయి తిరిగి వచ్చేసరికి జయరాజు డ్రిల్లు పట్టుకుని చెమటలు కారుస్తున్నాడు. బండి కిందికి వంగి చూసిన జాన్ సాహెబ్ లేచి నిలబడటానికి కొంచెం సేపు పట్టింది.

"ఎన్ని కొట్టావురా?"

"ఇరవై రెండు."

"ఒరేయ్ జీవరత్నం, తుప్పు పదేళ్లు తిని ఒక్క చిల్లు పెట్టింది. నీ బావమరిది పావుగంటలో ఇరవై రెండు పెట్టాడు. తుప్పు నయం కాదంట్రా?"

"బోల్టు దూరినాక అది చిల్లెట్టా అయిద్ది సాయిబుగారూ?" అన్నాడు జయరాజు.

"నా తారులోంచి దూరింది. పైకొస్తంది చూడు, బుస్సుమని."

నిజంగానే ప్రతి బోల్టు చుట్టూ తారు బుడగలు కడుతోంది. అంచులు పడుకున్నాయి గానీ మధ్యలో బెల్టు పూరీలా పొంగింది. కాలితో ఇటు తొక్కితే పొంగు అటు పోతుంది, అటు తొక్కితే ఇటు వస్తుంది. టీ బల్లల దగ్గర ఎనిమిది మంది వంతుల వారీగా తొక్కారు. ఒక్కరికీ లొంగలేదు. ప్రతి తొక్కుడికీ ఒక టీ అయింది.

"మధ్యలో బరువు పెట్టాలి," అన్నారెవరో.

మాచర్లలో బరువు అనే మాట పైకి అనకూడదు. అది విన్న గురవయ్య టీ గ్లాసు కింద పెట్టాడు.

గురవయ్య తాపీమేస్త్రి. అరవై దాటాయి. జీవరత్నం ఇంటి నేల, చర్చి నేల, బస్టాండు నేల, జాన్ సాహెబ్ షెడ్డు నేల, ఈ టీ బల్లలు, అన్నీ ఆయన చేతి మీదే జరిగాయి. జీవరత్నం ఇంటికి నేల వేసినప్పుడు, మేస్త్రి కూలీ వద్దని, కోడికూర చాలన్నాడు. అలాంటి బాబాయి మాట ఎవరు తీసేస్తారు?

మాచర్ల వాళ్లకి ఏ సమస్య వచ్చినా చివరికి నాపరాయి దగ్గరికే చేరతారు. నాపరాయి అరుగు మీద కూర్చుంటారు, నాపరాయి బండ మీద బట్టలు ఉతుకుతారు, నాపరాయి నిలబెట్టి దొడ్డికి గోడ అంటారు, అడ్డంగా పెట్టి మురుక్కాలవకి మూత అంటారు. పోయాక సమాధి మీదా అదే. గుంటూరులో ఎవరన్నా మొజాయిక్ అంటే వాళ్లని జాలిగా చూస్తారు. ఇన్నింటికీ పనికొచ్చిన రాయి బండి తొట్టికి ఎందుకు పనికిరాదో ఆ రోజు అక్కడున్న ముప్పై మందిలో ఒక్కడికీ తట్టలేదు.

"ఎన్నేళ్లు బతుకుద్ది నీ ఇనుం?" అని అడిగాడు గురవయ్య. "నాపరాయికి తుప్పు పట్టింది ఎక్కడన్నా చూశావా?"

"లేదు బాబాయ్."

"మరి?"

"బండి నడవాలిగా బాబాయ్?"

"ఎందుకు నడవదు? కింద చక్రాలున్నయ్‌గా."

టీ బల్లలన్నీ ఒక్కసారి నవ్వాయి. అది జీవరత్నం మీద నవ్విన నవ్వు. జీవరత్నం తలూపాడు. తలూపడం మన మనుషులకి పట్టిన పెద్ద జబ్బు. నోటితో వద్దనాలనుకునేవాడు కూడా తలతో సరే అంటాడు.

బుధవారం బండిని జీవరత్నం ఇంటి ముందు వీధిలోకి తెచ్చారు. ఇసుక, సిమెంటు వచ్చాయి. అంగుళమున్నర మందం నాపరాళ్లు ఆరు వచ్చాయి. గురవయ్య లుంగీ ఎగ్గట్టి తొట్టిలోకి ఎక్కి, బెల్టు మీద ఇసుకా సిమెంటూ కలిపిన మాలు రెండంగుళాలు పరిచి, రసమట్టం పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు. చేపనీళ్లు వెనక్కి పోవాలని డాలా వైపుకి వాటం ఇచ్చాడు. సందుల్లో సిమెంటు నింపి, నల్లటి గీతలు గీశాడు. పని మాత్రం అద్భుతం. ఆ వీధిలో ఏ ఇంట్లోనూ అంత నున్నటి నేల లేదు. చూడవచ్చిన వాళ్లు చెప్పులు వీధిలో విడిచి తొట్టిలోకి ఎక్కారు.

వీధే డాలా వైపు పల్లంగా ఉందన్న సంగతి ఎవరూ గమనించలేదు. రసమట్టం వాటం చూసింది గానీ వీధిని చూడలేదు.

జాన్ సాహెబ్ మాత్రం బండి కింద దూరి కమాన్లు చూసి వచ్చాడు. కమాన్లంటే చక్రాల మీద బరువు మోసే ఉక్కు పట్టీల కట్టలు. విల్లులా వంగి ఉండాల్సినవి చాపలా పడుకున్నాయి.

"ముక్కాలు టన్ను ఎక్కించావు గురవయ్యా. ఇంక చేపలేడ పెడతాడు వాడు?"

"చేపలెంత బరువుంటయ్యిలే. నీళ్లలో తేలేయేగా!"

బుధవారంతో అయిపోయిందనుకున్నాడు జీవరత్నం. గురువారం పొద్దున నిద్ర లేచి బయటికి వస్తే తొట్టిలో చుట్టూ మట్టితో కట్ట కట్టి ఉంది. ఆ కట్ట మధ్య గురవయ్య బిందెలు బిందెలుగా నీళ్లు పోస్తున్నాడు. వీధి ఆడవాళ్లు వరసగా నిలబడి బిందెలు అందిస్తున్నారు.

నిర్మల పొయ్యి దగ్గరి నుంచి ఊదుగొట్టంతో సహా గురవయ్య మీదికి వచ్చింది. "ఏంది మామా ఇది?"

"నీళ్లు పట్టాలమ్మాయ్. సిమెంటు పనికి నీళ్లు పట్టకపోతే బీటలిస్తది. రెండ్రోజులు నిలవుండాలి."

"అసలు ఈ బండి షెడ్డుకెందుకు పోయింది?"

జీవరత్నం కట్ట మీది మట్టి సర్దబోయాడు.

"నిన్నే అడుగుతున్నా! ఎందుకు పోయిందయ్యా షెడ్డుకి?"

"తుప్పు పట్టకుండా," అన్నాడు జీవరత్నం నేలచూపులు చూస్తూ.

"తుప్పు దేనికి పట్టుద్ది?"

"నీళ్లకి."

"మరి ఆ తొట్టిలో ఏందయ్యా?"

"నీళ్లే."

నిర్మల ఊదుగొట్టం కింద పడేసి లోపలికి పోయింది. ఆ రోజు ఆ ఇంట్లో పచ్చడి నూరలేదు, అన్నం వార్చలేదు. మే నెలలో తాగే నీళ్లకి కొట్లాడుకునే వీధి, పంతం పట్టి ఆ తొట్టి నింపింది. రెండుసార్లు నింపితే రెండుసార్లూ ఎదురింటి గేదె వచ్చి తాగిపోయింది. మూడోసారి గేదెని కట్టేసి నింపారు. బోల్టు చిల్లుల్లోంచి చుక్క చుక్క కారి బండి కింద చిన్న చిత్తడి తయారైంది. అందులో ఎవరివో బాతులు దిగాయి.

"మామా, కమాన్లు తట్టుకుంటయ్యా?" అని శుక్రవారం సాయంత్రం జాన్ సాహెబ్‌ని అడిగాడు జీవరత్నం. "రేపు ఆడ పాసవకపోతే నేనూ నా పెళ్లాం పిల్లలూ మిరపకాయలు కొయ్యటానికి కూలికి పోవాల్సిందే."

"మెల్లగా పోతే పాసవుతావు. గుంటలొస్తే దిగి నెట్టుకుందాం."

శనివారం తెల్లవారి బయలుదేరారు. క్యాబినులో జీవరత్నం, జాన్ సాహెబ్, జయరాజు. తన నేల మీద బీట పడితే చూసుకోవాలని గురవయ్య తొట్టిలోనే, తడి గోనెసంచి మీద కూర్చున్నాడు. వెనక బరువుకి ముందు చక్రాలు తేలిపోతున్నాయి. స్టీరింగు తిప్పితే బండికి తెలియడం లేదు. సైకిళ్ల మీద పోయేవాళ్లు దాటిపోతూ వెనక్కి తిరిగి చూశారు. ఒకతను సైకిలు ఆపి, "గృహప్రవేశమెప్పుడు?" అని అడిగి పోయాడు. సాగర్ దగ్గరి దిగుడులో రోడ్డు ముందుకి వాలగానే, తొట్టిలో ఇంకా మిగిలి ఉన్న నీళ్లన్నీ ఒక్కసారిగా క్యాబిను వైపుకి వచ్చి, వెనక కిటికీలోంచి ముగ్గురి వీపుల మీదా పడ్డాయి.

"వాటం తప్పింది!" అని జయరాజు అరిచాడు.

"వాటం తప్పలా! రోడ్డు తప్పింది!" అని వెనకనుంచి గురవయ్య కేక వేశాడు.

విజయపురి సౌత్ రేవులో అప్పటికే రెండు బండ్లు పరీక్షకు నిలబడి ఉన్నాయి. సెక్రటరీ మజీద్ చేతిలో పెద్ద స్క్రూడ్రైవరు ఉంది. మొదటి బండి తొట్టిలో పొడిచాడు. కొత్తగా వేసిన రంగులోంచి స్క్రూడ్రైవరు పిడి దాకా దిగింది. "ఫెయిల్." రెండో బండిలో పరిచిన ప్లాస్టిక్ షీటు ఎత్తి చూసి, ముక్కు మూసుకున్నాడు. "ఫెయిల్."

మజీద్ జీవరత్నం తొట్టి ముందుకు వచ్చి ఆగిపోయాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"ఏందయ్యా ఇది?"

"లైనింగు సార్."

"ఎవరు వేశారు?"

"నేనే," అన్నాడు గురవయ్య తొట్టిలో లేచి నిలబడి, తడిసిన లుంగీ పిండుకుంటూ.

మజీద్ స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచాడు. కొస వంగింది. ఇంకోచోట పొడిచాడు. ఇంకా వంగింది. వేలితో సందులు తడిమాడు. వంగి వాసన చూశాడు. నిటారుగా నిలబడి, మెడ దగ్గరి గుండీ సర్దుకుని, "తుప్పు పట్టే వీలే లేదు. పాస్!" అన్నాడు.

ఆర్డరు కాయితం అక్కడికక్కడే రాసి ఇచ్చాడు. జీవరత్నం దాన్ని రెండు చేతులా పట్టుకుని చదివాడు. ఏడాది మొత్తం రవాణా అతనిదే. జయరాజు బావని కౌగిలించుకున్నాడు. జాన్ సాహెబ్ కళ్లు తుడుచుకున్నాడు. గురవయ్య మాత్రం, "నేను చెప్పలా?" అన్నాడు. ఆ మాట అప్పటికి పదోసారి.

"సోమవారం నుంచి లెక్క. ఇవాళ లోడు కూడా నువ్వే తీసుకుపో," అన్నాడు మజీద్.

ఐసుతో కలిపి ఒక్కో బుట్ట నలభై కిలోలు. మొదటి బుట్ట ఎక్కింది. రెండోది ఎక్కింది. మూడోదానికి బండి మూలిగింది. నాలుగో బుట్ట పెట్టగానే కింద తుపాకి పేలినట్టు పెద్ద చప్పుడైంది. బండి వెనక భాగం మెల్లగా, సిగ్గుపడుతున్నట్టు, ఇసుకలోకి దిగి కూర్చుంది. ఇంకో ఇరవై బుట్టలు ఒడ్డున ఎండలో ఉన్నాయి.

జాన్ సాహెబ్ కిందికి దూరి, బయటికి వచ్చి, మోచేతులు దులుపుకున్నాడు. "రెండు కమాన్లూ పొయినయ్."

ఇక్కడే సారమ్మ వచ్చింది. రేవులో చేపలమ్మే ఆడవాళ్లకి పెద్ద ఆవిడ. ఈ రేవులో వేలంపాట ఎక్కడ జరుగుతుందో వినేవాళ్లకి తెలియాలి. బురదలో జరుగుతుంది. వలలోంచి తీసిన బొచ్చె, రాగండి చేపల్ని బురదలో పోస్తారు. ఆడవాళ్లు నడుములు వంచి ఏరుకుంటారు, మళ్లీ నీళ్లకి మోసుకుపోయి కడుక్కుంటారు. అరుగు ఒకటి కట్టించండి అని తొమ్మిదేళ్లుగా అర్జీలు పెడుతున్నారు. ఏడుగురు సెక్రటరీలు వచ్చారు, పోయారు. ఒక్క రాయి పడలేదు.

సారమ్మ తొట్టి చుట్టూ తిరిగింది. ఇసుకలో దిగిన తొట్టి సరిగ్గా నడుం వంచకుండా చెయ్యి అందే ఎత్తులో ఉంది. చల్లటి నున్నటి నాపరాయి. రేవు నీళ్ల వైపుకి వాలుగా ఉండి, డాలా కూడా అటే తిరిగి ఉండటంతో గురవయ్య వాటం ఇక్కడ అచ్చంగా కుదిరింది. ఆవిడ డాలా దించి, ఒక బుట్ట తిరగేసి, చెంబుడు నీళ్లు కొట్టింది. బురద అంతా జారి నదిలోకి పోయింది. చేపలు మిలమిలా మిగిలాయి.

"ఓసేయ్, రండే! అరుగొచ్చింది!"

పదిహేను మంది ఆడవాళ్లు నిమిషంలో మూగారు. పాట మొదలైంది. ఆ రోజు చేప కిలోకి రూపాయి ఎక్కువ పలికింది, చేప శుభ్రంగా కనబడింది కాబట్టి.

"అమ్మా, అది నా బండి!" అన్నాడు జీవరత్నం జనంలోంచి చెయ్యెత్తి.

"నీదే తమ్ముడూ. కాదన్నదెవరు? కాస్త పక్కకి జరుగు, నీళ్లు పడతయ్."

"రాళ్లు పీకి తీసుకుపోతా. గునపం ఇయ్యి బాబాయ్."

"నా పనిలో గునపమా?" అని గురవయ్య ఇంతెత్తున లేచాడు.

సారమ్మ చీర కుచ్చెళ్లు దోపుకుని తొట్టి మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "పీకు. ముందు నన్ను పీకి, తరవాత రాళ్లు పీకు."

జీవరత్నం మజీద్ దగ్గరికి పరిగెత్తాడు. మజీద్ అప్పటికే రిజిస్టరు తెరిచి రాస్తున్నాడు. రేవులో నాపరాయి అరుగు ఒకటి, ఉపయోగంలో ఉంది. పై అధికారులు ఎప్పటినుంచో అడుగుతున్న గడి అది. నింపి, ఇంకు ఆరేదాకా ఊదాడు.

"సార్, తొట్టి లేకుండా నేను చేపలెట్టా మొయ్యాలి?"

"ఇంకో తొట్టి బిగించుకో."

"బిగిస్తే సోమవారం లోడు ఇస్తారా?"

"అదెట్లా ఇస్తానయ్యా? పరీక్షలో పాసైంది ఈ తొట్టి. కొత్త తొట్టికి కొత్త పరీక్ష కావాలి. పరీక్ష ఏడాదికి ఒక్కసారే."

"మరి నా తొట్టి నాకు ఇప్పించండి."

"అది తొట్టి కాదు, అరుగు. రాసేశాను."

జాన్ సాహెబ్ రెండు గంటలు కష్టపడి తొట్టిని బండికి బిగించిన బోల్టులు విప్పాడు. తొట్టిని రాళ్ల మీద ఆనించి, కిందినుంచి బండిని లాగేశారు. విరిగిన కమాన్లకి కర్రదుంగలు కట్టి, ఉత్త క్యాబినూ, దాని వెనక రెండు ఇనుప కమ్మీలూ, నాలుగు చక్రాలతో జీవరత్నం ఇంటికి బయలుదేరాడు. జేబులో ఏడాది ఆర్డరు ఉంది. మొయ్యడానికి వెనక ఏమీ లేదు. దారిలో ముగ్గురు సలహాదారులూ, తప్పు మిగతా ఇద్దరిదని ఒకరికొకరు చెప్పుకుంటూ వచ్చారు.

బండి కదిలే ముందు సారమ్మ కిటికీ దగ్గరికి వచ్చి ఒక రాగండిని కాగితంలో చుట్టి జీవరత్నం ఒళ్లో పెట్టింది. "తమ్ముడూ, అరుగు మాకు కావాలి, ఇయ్యం. కానీ నీ బండి రాకపోతే మా చేప ఎవరు మోస్తారు? సోమారం నీకు తొట్టి ఇయ్యకపోతే ఆ అరుగు మీద పాట జరగనియ్యం. సెక్రటరీతో చెప్పే వస్తన్నా."

కాబట్టి సొసైటీ వాళ్లు చెవులు దగ్గర పెట్టుకుని వినాలి. ఆడవాళ్లకి అరుగు తొమ్మిదేళ్ల కిందటే కట్టించాల్సింది. కట్టించకుండా ఒక డ్రైవరు కూడు లాక్కుని అరుగని రాసుకోవడం దొంగతనం. రేపు సోమవారం పొద్దున పాట మొదలయ్యే లోపల సొసైటీ సొంత ఖర్చుతో ఆ బండికి కొత్త కమాన్లు వేయించాలి, కొత్త తొట్టి బిగించాలి, ఆ తొట్టిని పాసైన తొట్టిగా ఆర్డరులో రాయాలి. ఇనుప తొట్టే ఇవ్వాలి, లోపల ఏమీ పరవకుండా ఇవ్వాలి, తుప్పు పడితే పట్టనివ్వాలి.